నీళ్లు పోసిన సమాధి

పదకొండో వారం

క్రితం వారం మనం రూకియాను సాన్‌స్కి మోస్ట్ పట్నంలో, తప్పిపోయినవాళ్ల కార్యాలయంలో, ఒక బల్ల ముందు వదిలి వచ్చాం. ఆమె ముందున్నది ఒకే ఒక్క కాగితం. యుద్ధకాలం నాటి మిలిటరీ ఆసుపత్రి రికార్డులో ఒక పేజీ. తొంభై నాలుగు డిసెంబరు. శవం నంబరు నలభై ఒకటి. ముఖం గుర్తుపట్టే వీలు లేదు. ఒంటి మీద బూడిదరంగు ఉన్ని స్వెట్టరు, చేతి అల్లిక, ఛాతీ మీద తెల్లని దేవదారు చెట్ల వరస. ఎడమ చేతి చిటికెన వేలికి రెండు కణుపులు లేవు.

ఆ వేలు రూకియాకు తెలుసు. పెళ్లయిన ఏడాదే ఆమె భర్త చామిల్ రంపం మిషను కింద పోగొట్టుకున్న వేలు అది. ఆ రోజు తన తలగుడ్డ చింపి కట్టు కట్టింది ఆమే.

కానీ పేజీ అడుగున రాసి ఉన్నది చామిల్ పేరు కాదు. “మృతుడు: రాయ్కో. గుర్తుపట్టి తీసుకువెళ్లినవారు: తల్లి దరింకా, లిపోవిక్ ఎగువ వీధి.”

తొంభై రెండులో సెర్బు సైనికులు లిపోవిక్ దిగువ వీధిలోని ముస్లిం ఆడవాళ్లను బస్సులెక్కించి పంపేశారు. మగవాళ్లలో పనికొచ్చేవాళ్లను కందకాలు తవ్వడానికి ఉంచుకున్నారు. చామిల్ వడ్రంగి. పనికొచ్చేవాడు. ఆ తరువాత అతని జాడ లేదు. ముప్పై ఏళ్లుగా రూకియా ఎక్కడ గొయ్యి బయటపడిందన్నా బస్సెక్కి వెళ్లేది. చామిల్ మాత్రం ఆమె కాపురానికి వచ్చిన ఇంటికి ఎనిమిది వందల అడుగుల దూరంలో, సెర్బుల శ్మశానంలో, శిలువ కింద, ఎగువ వీధి దరింకా కొడుకు పేరుతో పడుకుని ఉన్నాడు.

సమాధి తెరవమని రాజధాని సారయెవో నుంచి ఉత్తర్వు వచ్చింది. అయితే దేశంలో లిపోవిక్ ఉన్న సెర్బుల సగం ఇప్పుడు విడిపోతానంటోంది. రాజధాని ఉత్తర్వులు తమ గడ్డ మీద చెల్లవని సోమవారం అక్కడి సభ తీర్మానం చేయబోతోంది. అది జరిగితే తవ్వేవాళ్లను రెండు సగాల మధ్యనున్న గీత దాటనివ్వరు. మిగిలిన దారి ఒక్కటే. సమాధి ఎవరిదో ఆ ఇంటివాళ్లే తెరవమని అడగాలి. దరింకా సంతకం కావాలి. ఆమెకు రాసిన రెండు ఉత్తరాలూ విప్పకుండానే తిరిగొచ్చాయి.

అందుకని గురువారం పొద్దున్నే రూకియా స్వయంగా బయలుదేరింది.

*

కారు నడుపుతున్నది ఆంటో. కార్యాలయంలో పదిహేనేళ్లుగా పనిచేస్తున్న క్రొయేట్. గీత దగ్గర పడుతుండగా కారు పక్కకి ఆపి, తలుపు మీదున్న ఆఫీసు గుర్తును పీకి డిక్కీలో పడేశాడు. అది అయస్కాంతం ముక్క. ఫ్రిజ్ మీద అతికించే బొమ్మలాంటిది.

“ఇప్పుడు మనం చుట్టాలింటికి పోతున్నాం, రూకియా అక్కా. నువ్వు మా మేనత్త కూతురివి.”

“నీ మేనత్తకి ముస్లిం కూతురెలా పుట్టింది?”

“ఈ దేశంలో అంతకంటే వింతలు జరిగాయిలే.” కారు ఒక గుంతలో దిగి లేచింది. “చూశావా? ముగ్గురు అధ్యక్షులున్నారు. పోలీసులు వేరు, పాఠ్యపుస్తకాలు వేరు. గుంతలొక్కటే ఉమ్మడి ఆస్తి. వీటిని పంచుకోవడం ఇంకా ఎవడికీ చేతకాలేదు.”

రూకియా నవ్వలేదు కానీ ఆ మాటకు గుండె కాస్త తేలికపడింది. తనని మాట్లాడించడానికే అతను వాగుతున్నాడని ఆమెకు తెలుసు. ముందు సీటులో ఆమె కాళ్లు చాపుకునేందుకు వీలుగా తన ఫైళ్లన్నీ వెనక్కి సర్దాడు. అడగకుండానే చేశాడు.

లిపోవిక్ దిగువ వీధిలో ఇప్పుడు నాలుగు ఇళ్లలో మనుషులున్నారు. మిగతావి గోడలు. చామిల్ ఇంటి గోడల మధ్య ఒక వాల్‌నట్ చెట్టు మొలిచి, లేని పైకప్పు మీదుగా కొమ్మలు చాచింది. రూకియా అటు చూడలేదు. చూడకపోయినా అది ఎంత పెరిగిందో ఆమెకు తెలిసింది.

ఎగువ వీధి మొదట్లో నల్లరాతి స్మారకం, దాని పక్కన జెండా. యుద్ధంలో పోయిన ఏడుగురి పేర్లు. మూడోది రాయ్కో.

“నేను కారులోనే ఉంటాను” అన్నాడు ఆంటో. “ఆఫీసు మొహం కనబడితే ముసలామె నోరు కుట్టేసుకుంటుంది. నువ్వు పిలిస్తే వస్తా.”

*

దరింకా పెరట్లోనే ఉంది. రాళ్ల పొయ్యి మీద రాగి కాగు. అందులో నల్లగా ఉడుకుతున్న ప్లమ్ పండ్ల పాకం. అక్టోబరు మొదట్లో ఆ లోయలో ఏ మతం ఇంట్లోనైనా ఇదే వాసన. చక్కెర వేయరు. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి గాని దిగదు. అంతసేపూ తెడ్డు ఆగకూడదు. ఆగితే అడుగంటి మొత్తం చేదవుతుంది. అందుకే ఆ రోజున ఇంటికి ఎవరొచ్చినా, దూరపు చుట్టమైనా, ఉత్తరాలు పంచేవాడైనా, ముందు తెడ్డు పట్టాలి. మంచీ చెడూ తరువాత.

దరింకాకు ఎనభై దాటాయి. తలకు నల్లగుడ్డ. గేటు చప్పుడైనా తల తిప్పలేదు.

“చేతులు ఖాళీయేనా? అయితే ఇటొచ్చి పట్టు. నా నడుం విరిగిపోతోంది.”

రూకియా వెళ్లి తెడ్డు అందుకుంది. అనుకుని వచ్చిన మాటలన్నీ ఆ పొగలో ఎటో పోయాయి. రెండు చేతులతో పట్టుకుని గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది.

“అలా కాదు. ఎనిమిది అంకెలాగా తిప్పు. అంచులు గీకుతూ. నేనే కదా నేర్పింది, అప్పుడే మర్చిపోయావా?”

రూకియా తెడ్డును అంచుకు జరిపింది. “గుర్తుపట్టావా, దరింకా పిన్నీ?”

“నడక చూసే గుర్తుపట్టాను. లావయ్యావు.”

“నువ్వేమో పొట్టిదానివయ్యావు.”

“ముసలితనం మనిషిని కిందనుంచి కోసుకుంటూ వస్తుందే, అమ్మాయ్.” దరింకా మొద్దు మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకుంది. “కాఫీ తాగుతావా?”

“తెడ్డు పట్టుకుని ఎలా తాగను?”

“పూర్వం తాగేదానివి. ఒక చేత్తో తిప్పుతూ, ఇంకో చేత్తో. నీ చేతిలో కప్పు తొణికేది కాదు.”

అది నిజమే. పెళ్లయి వచ్చిన కొత్తలో రూకియాకు ఇరవై రెండేళ్లు. అత్తలేని ఇల్లు. పిండి పిసకడం, ఉన్ని వడకడం, ఛాతీ మీద దేవదారు చెట్లు అల్లడం, అన్నీ ఈ పెరట్లోనే నేర్చుకుంది. శరదృతువు రాగానే ఇద్దరూ ఒకే గొర్రెల మంద ఉన్ని కొని, ఈ పొయ్యి పక్కన కూర్చుని, పోటీపడి అల్లేవాళ్లు. దరింకా కొడుక్కి బూడిదరంగుది. రూకియా మొగుడికి గోధుమరంగుది. బస్సులొచ్చిన రోజున ఆ గోధుమరంగు స్వెట్టరుకు ఒక చేయి ఇంకా పూర్తికాలేదు. సూదులతో సహా కుర్చీలోనే ఉండిపోయింది. ఈ ముప్పై ఏళ్లలో చలికాలం మొదలయిందంటే చాలు, రూకియాకు మొదట గుర్తొచ్చేది చామిల్ ముఖం కాదు, అల్లడం మిగిలిపోయిన ఆ చెయ్యి. ఏ గోతిలో ఉన్నా, ఆ ఆఖరి చలిలో ఒంటి మీద ఏముంది? ఎవరైనా ఏమైనా కప్పారా? ఎముకలు దొరకాలని ఎంత కోరుకుందో, ఈ ఒక్క సంగతి తెలియాలని అంతకంటే ఎక్కువ కోరుకుంది. ఎవరికీ చెప్పుకోలేదు. అడిగితే పిచ్చిదనుకుంటారు.

రెండో కప్పు అయ్యేదాకా వచ్చిన పని చెప్పకపోవడం ఆ ప్రాంతపు మర్యాద. రూకియా ఆగింది. రెండో కప్పు అడుగుకొచ్చాక, తెడ్డు తిప్పుతూనే, “పిన్నీ, ఒక సంతకం కోసం వచ్చాను” అంది.

“ఆ ఉత్తరాలా? సారయెవో ముద్ర చూసే పంపేశాను. విప్పలేదు.”

“విప్పలేదు గాని, అందులో ఏముందో నీకు తెలుసు.”

“నా బిడ్డ నిద్రపోతున్నాడు. లేపొద్దు.” దరింకా గొంతులో కోపం లేదు. బాగా వల్లెవేసిన మాటలా వచ్చింది. “ఆ రాయి చూశావుగా? మూడో పేరు. ఏటా దండ వేస్తారు. మొన్న వేసవిలో ఒక నాయకుడొచ్చి నా చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. ‘అమ్మా, నీ కొడుకు నెత్తుటి మీదే ఈ గడ్డ నిలబడింది, రేపో మాపో మన ఇంటికి మన తాళం పడుతుంది’ అన్నాడు. టీవీలో కూడా వేశారు. ఇప్పుడు మీరొచ్చి తవ్వుతామంటే ఊరు ఊరుకుంటుందా?”

రూకియా జేబులోంచి కాగితం తీసి, ఒంటి చేత్తోనే మడత విప్పి చూపించింది. “ఎడమ చెయ్యి, చిటికెన వేలు. చదువు.”

“కళ్లజోడు లేదు.”

“నేను చదువుతాను.”

“యుద్ధంలో వేళ్లు ఊడటం వింతా? నా చేత్తో అల్లిన స్వెట్టరే. నా అల్లిక నాకు తెలీదా?”

“అల్లిక నీదే, పిన్నీ. వేలు మాత్రం రాయ్కోది కాదు. వాడికి పది వేళ్లూ ఉండేవి. నా పెళ్లిలో పదహారేళ్ల పిల్లాడు, తెల్లారేదాకా అకార్డియన్ వాయించాడు. వేళ్లు బొబ్బలెక్కితే నువ్వే వెన్న రాశావు.”

దరింకా లేచింది. వచ్చి తెడ్డు లాక్కుంది. “కాఫీ అయిపోయింది. ఇక వెళ్లమ్మా. మాపటికల్లా ఇది దించాలి.”

రూకియా చేతులు ఖాళీ అయ్యాయి. కదల్లేదు. కదిలితే గేటు వైపే కదలాలి. ఆ గేటు దాటితే సోమవారం వస్తుంది. ఆ పైన ఎనిమిది వందల అడుగులు రావడానికి కూడా దేశం దాటాలేమో.

సరిగ్గా అప్పుడు కంచె సందులోంచి ఒక లావుపాటి మనిషి దూరి వచ్చింది. పక్కింటి స్టోయా. యుద్ధంలో క్రొయేషియా నుంచి తరిమేస్తే ట్రాక్టరు మీద వచ్చి ఈ ఊళ్లో దిగిన సెర్బు మనిషి. లిపోవిక్ పాత సంగతులు ఆమెకు తెలియవు. రూకియా ఎవరో అసలే తెలియదు.

“దరింకా, పెద్ద జల్లెడ ఇవ్వు. ఓ, చుట్టాలొచ్చారా? దేవుడు మేలు చేయుగాక.” అని రూకియా వైపు తిరిగింది. “శనివారందాకా ఉంటావా, అక్కా? పెద్దల దినం. ఊరంతా సమాధుల దగ్గరే. నేను కోడి కాలుస్తున్నా, పంది మాంసం కూడా ఉంది. ఈమె వంతు రాకియా సారా కూడా నేనే మోసుకొస్తా, ఈమె ఎలాగూ తేదుగా.”

“జల్లెడ వసారాలో ఉంది. తీసుకుపో” అంది దరింకా.

“తీసుకుపోతాలే, తరమకు. విన్నావా అక్కా, అందరం మా వాళ్ల సమాధుల మీద ఓ చుక్క రాకియా పోస్తాం. చచ్చినవాడికి మాత్రం దాహం ఉండదా? ఈ తల్లి మాత్రం ముప్పై ఏళ్లుగా కొడుకు మీద నీళ్లు పోస్తుంది. నీళ్లు! చెంబెడు ఊటనీళ్లు, మూతపెట్టి మరీ తెస్తుంది. ఓసారి నేను పంది మాంసం పళ్లెం పెట్టబోతే తీసి అవతల పెట్టింది. ఫాదర్ కూడా అడిగాడు. ‘వాడికి తాగుడు పడదు’ అంది. రాయి మీద చెక్కిన బొమ్మలోనేమో వాడి ఒక చేతిలో అకార్డియన్, పక్కన సీసా!” స్టోయా పొట్ట పట్టుకుని నవ్వింది. “మంచి మనిషే, కానీ కాస్త తిక్క. కొడుకు పోయిన బాధలే.”

ఆమె జల్లెడ తీసుకుని, వచ్చిన సందులోంచే వెళ్లిపోయింది.

దరింకా తెడ్డు తిప్పుతోంది. రూకియా ఆమెనే చూస్తోంది. రాకియా లేదు. పంది మాంసం లేదు. నీళ్లు.

“నీకు తెలుసు” అంది రూకియా.

తెడ్డు తిరుగుతూనే ఉంది.

“పొరపాటు పడ్డావనుకున్నాను. స్వెట్టరు చూసి మోసపోయావనుకున్నాను. దారంతా నీ మీద జాలిపడుతూ వచ్చాను, పిన్నీ. ఈ ముసలిదాని కొడుకుని సమాధిలోంచి ఎలా లాగేసుకోవాలా అని. నీకు మొదటినుంచీ తెలుసు.”

“పట్టు” అంది దరింకా, తెడ్డు పిడి ఒక పక్క వదిలి. “చేతులు వణుకుతున్నాయి. అడుగంటుతుంది. పట్టు.”

రూకియాకు ఆ కాగును తన్నెయ్యాలనిపించింది. కానీ చేయి వెళ్లి పిడి పట్టుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకే తెడ్డును తిప్పసాగారు.

“రాయ్కో కందకం వదిలి పారిపోయి వచ్చాడు” అంది దరింకా చివరికి. “కిందనే, నేలమాళిగలో, బంగాళాదుంపల వెనక కూర్చోబెట్టాను. మిలిటరీ పోలీసులు రెండుసార్లొచ్చి వెతికారు. దొరికితే గోడకి నిలబెట్టి కాల్చేవాళ్లు. మూడో రోజున కబురొచ్చింది. ‘నీ కొడుకు దొరికాడు, వచ్చి గుర్తుపట్టు’ అని. కొడుకు ఇక్కడుంటే అక్కడ దొరికిందెవడు? వెళ్లాను. ఆసుపత్రిగా మార్చిన బడిలో, ఆటల గదిలో పడుకోబెట్టారు. దుప్పటి తీశారు. స్వెట్టరు చూడగానే నా గుండె ఆగింది, అమ్మాయ్. నిజంగా. ఇది నా బిడ్డే, దుంపల వెనక ఉన్నవాడెవడో అనుకున్నాను. ఒక్క క్షణం. తరువాత చెయ్యి చూశాను.”

తెడ్డు కాగు అంచును గీకింది.

“ఆ వేలికి కట్టు నువ్వు కట్టావు. రోజూ మార్చింది నేను. నువ్వు నెత్తురు చూడలేకపోయేదానివి. ఆ వేలు నాకు తెలీదా? పక్కన ఒకడు కలం పట్టుకుని నిలబడ్డాడు. స్వెట్టరు చెయ్యి కిందికి లాగి ఆ వేలు కప్పేశాను. నా బిడ్డే అన్నాను. రాసుకున్నాడు.”

“ముప్పై ఏళ్లు...”

“మూడు రోజులు ఏడ్చాను. ఊరంతా నాతో ఏడ్చింది. దొంగ ఏడుపు కాదది. చామిల్ కోసమే ఏడ్చాను. పేరు మార్చి ఏడ్చాను, అంతే. ఫాదర్ వస్తే ఆపలేకపోయాను. శిలువ ఆపలేకపోయాను. మీ ప్రార్థన నాకు రాదు. మీ మామగారిని పూడ్చినప్పుడు కంచె అవతల నిలబడి చూశాను, మట్టి మీద నీళ్లు పోశారు. అదొక్కటే తెలుసు నాకు. అదే చేశాను. మీ బైరామ్ పండక్కి తీపి ముక్క ఒకటి పెట్టి వచ్చేదాన్ని. కాకులు తినేవి.”

“నేనెక్కడెక్కడ తిరిగానో తెలుసా?” రూకియా గొంతు పైకి లేవలేదు. అదే భయంకరంగా ఉంది. “గోతుల్లో దొరికిన దువ్వెనలు, బూట్లు, దంతాలు తెల్లబల్లల మీద పరిచి పెడతారు. వరసలో నడుస్తూ చూసుకోవాలి. ప్రతి స్వెట్టరూ తిరగేశాను. గోధుమరంగు కనబడితే ఒక చెయ్యి తక్కువుందేమోనని చూశాను. వెర్రిదాన్ని. అది కుర్చీలోనే ఉండిపోయిందని తెలిసి కూడా చూశాను. ఒక్క మాట, పిన్నీ. యుద్ధం అయిపోయాక ఒక్క కబురు.”

“అయిపోయిందని నాకెవరు చెప్పారు? రాయి తెచ్చి పేరు చెక్కారు. జెండా పెట్టారు. ఏటికేడు గట్టిగా అరుస్తున్నారు. చెక్కిన పేరును చెరిపేదెలా?” దరింకా కళ్లు పొగకో దేనికో ఎర్రబడ్డాయి. “అమ్మాయ్, నీకు మొగుడు లేడు, సమాధీ లేదు. నాకు కొడుకున్నాడు గాని ముప్పై ఏళ్లుగా వాడి మొహం చూడలేదు. స్వీడన్‌లో, ఉత్తరాన ఎక్కడో, చెట్లుకోసే మిల్లులో ఉన్నాడు. వేరే పేరుతో. చచ్చినవాడు అమ్మని చూడ్డానికి రాకూడదు కదా. మనిద్దరి గతీ ఒకటే.”

కాదు, ఒకటి కాదు, అనాలనుకుంది రూకియా. అనలేదు. ఎదురుగా ఉన్న చేతులు చూసింది. పిడి మీద తన చేతుల పక్కనే, నరాలు తేలిన ఆ రెండు చేతులు. తను ఇక్కడ లేని ముప్పై శరదృతువుల్లో ఈ చేతులే అతనికి నీళ్లు పోశాయి. క్షమించడం ఆమె వల్ల కాలేదు. కానీ అతను ఒంటరిగా లేడు. ఆ తెలివిడి ఆమెలో ఎక్కడో, నెమ్మదిగా, కూర్చుంది.

“ఆ స్వెట్టరు” అంది. “చామిల్ ఒంటి మీదికి ఎప్పుడొచ్చింది? బతికుండగా రాయ్కో ఇచ్చాడా, పోయాక తొడిగాడా?”

దరింకా తల అడ్డంగా ఊపింది. “వాడు చెప్పలేదు.”

“నువ్వడగలేదా?”

“భయమేసింది.”

ఆ తరువాత దరింకా గేటు వైపు చూసి, “ఆ కారులో ఉన్నవాణ్ని పిలువు” అంది. “నాకు చెముడు లేదు. ఇంజను ఆగిన చప్పుడు అప్పుడే విన్నాను.”

*

ఆంటో వచ్చీరాగానే అతని చేతికి తెడ్డు వెళ్లింది. “ఎనిమిదిలాగా తిప్పు నాయనా” అంది దరింకా. అతను కోటు విప్పి బుద్ధిగా తిప్పసాగాడు.

“సంతకం పెడతాను. శనివారమే తవ్వాలి, ఊరంతా అక్కడున్నప్పుడు. చాటుగా పూడ్చింది చాలు.”

“శనివారం మా ఆఫీసుకి సెలవమ్మా.”

“చచ్చినవాళ్లకి లేదుగా.”

ఆంటో తెడ్డు తిప్పుతూనే తల ఊపాడు. సోమవారం గురించి అతనికీ తెలుసు. “సరే. సెలవురోజు గొయ్యి తవ్వితే నన్నేమీ అనరు, నా భార్య తప్ప.”

దరింకా ఆప్రాన్‌కు చేతులు తుడుచుకుని, మొద్దు మీద కాగితం పరిచి, తన పేరు రాసింది. ఒక్కో అక్షరం విడివిడిగా, బడిపిల్లలాగా. ఆమె వేలి పాకం మరక పక్కనే అంటుకుంది. రూకియా ఆ కాగితం అందుకుని చాలాసేపు చూసింది. చామిల్ ఇంటికొస్తున్నాడు. ఎనిమిది వందల అడుగులు, కిందికి. దిగువ వీధి మసీదు పక్కన అతని తండ్రి సమాధి దగ్గర చోటుంది.

“ఇప్పుడు నువ్వు అడుగు. నేను అడగలేనిది” అంటూ దరింకా ఆప్రాన్ జేబులోంచి పాత మొబైల్ తీసింది. ఒకే మీట నొక్కింది. రెండుసార్లు మోగగానే రూకియా చేతిలో పెట్టింది.

అవతల రంపం మిషను రొద. దాని మీదుగా ఒక మగగొంతు: “అమ్మా? ఈ వేళప్పుడు చేశావేంటి? ఒంట్లో బాగానే ఉందా?”

“రాయ్కో, నేను రూకియాని. చామిల్ ఇంటిదాన్ని.”

కాసేపటికి తలుపేదో మూసుకుంది. రొద తగ్గింది.

“వదినా” అన్నాడు.

యాభై దాటిన మనిషి గొంతు. కానీ ఆ పిలుపు పదహారేళ్ల పిల్లాడిది. రూకియా పెరటి గోడ పట్టుకుంది.

“ఒక్కటే అడుగుతాను. ఆ స్వెట్టరు ఎప్పుడిచ్చావు? బతికుండగానా?”

“బతికుండగానే, వదినా. కందకంలో మోకాలిలోతు నీళ్లు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి అతనికి. విప్పి ఇచ్చాను. ‘మీ అమ్మ నన్ను చంపుతుంది’ అన్నాడు. తొడుక్కున్నాక చేతులు రెండూ చాపి చూసుకున్నాడు. ‘మా ఆవిడ అల్లేదానికి ఒక చెయ్యి బాకీ ఉంది’ అని నవ్వాడు.”

రూకియా కళ్లు మూసుకుంది. వెచ్చగా ఉన్నాడు. నవ్వాడు. తనని తలుచుకున్నాడు. ముప్పై చలికాలాలు ఆమె గుండెల మీదనుంచి ఒక్కొక్కటిగా దిగిపోతున్నట్టయింది. చెంపలు తడిసిన సంగతి కూడా ఆమెకు తెలియలేదు.

“నీ చేతులు చల్లగుండ, రాయ్కో. దేవుడు నీకు...”

“వద్దు వదినా. నన్ను దీవించకు. ఇంకా ఉంది.”

“ఏముంది?”

“స్వెట్టరొక్కటే కాదు. దాని మీద నా మిలిటరీ కోటు కూడా తొడిగాను. జేబులో నా పేరున్న కాగితాలున్నాయి. అవి ఉన్నాయని నాకు తెలుసు.”

రూకియాకు వెంటనే అర్థం కాలేదు. ఆ కాగితాలు ఎవరి ఒంటి మీద దొరికితే ఆ శవమే రాయ్కో అవుతుందని తరువాత అర్థమయింది.

“స్వెట్టరు చలికిచ్చావు” అంది మెల్లగా. “కోటెందుకిచ్చావు?”

పక్కన దరింకా, రెండు చేతులూ ఆప్రాన్‌లో ముడుచుకుని, రూకియా పెదవులనే చూస్తోంది.

“ఫోన్‌లో చెప్పేది కాదు. అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. సమాధి తెరుస్తారా?”

“శనివారం.”

“అయితే నేనొస్తున్నాను. నా పేరున్న గోతి దగ్గర, ఊరందరి ముందూ నిలబడి చెబుతాను. అప్పుడు నువ్వేం చేసినా సరే.” ఫోను ఆగిపోయింది.

“ఏమన్నాడు?” అంది దరింకా.

“వస్తున్నాడు.”

ముప్పై ఏళ్లుగా కొడుకు మొహం చూడని తల్లి ఎందుకని అడగలేదు, ఎప్పుడని అడగలేదు. మెల్లగా మొద్దు మీద కూర్చుని, నేలమాళిగ తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది. కొడుకు చెప్పబోయేది ఆమె ఎప్పుడో ఊహించినట్టున్న ఆ చూపు చూశాక రూకియాకు, ఆ పెరట్లో అడుగుపెట్టిన తరువాత మొదటిసారిగా, భయం వేసింది.